అంకమ్మ ఎడమ బొటనవేలు

అంకమ్మ ఇంట్లో సంతోషకుమారి అనే ఆమె మీద స్లాబు పెచ్చు ఊడిపడి దెబ్బ తగిలినట్టు తెలియవచ్చింది గనక, ఇంటిని సరిగా చూసుకోనందుకు అంకమ్మ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో వారం రోజుల్లోగా చెప్పుకోమని హౌసింగు ఆఫీసు నుంచి రిజిస్టరు నోటీసు వచ్చింది. ఇందులో చిక్కల్లా ఒక్కటే. అంకమ్మా, సంతోషకుమారీ ఒకే మనిషి.

నోటీసు వచ్చేసరికి ఆ మనిషి మిరప కల్లంలో కూర్చుని తొడిమలు తీస్తోంది. తీస్తోంది అనడమే గానీ, ఆ పని చూస్తే ఎవరికైనా విసుగు పుడుతుంది. పోయినేడు ఇదే కల్లంలో ఎడమ గుప్పిట్లోకి నాలుగు కాయలు తీసుకుని, బొటనవేలితో ఒక్కొక్కటే ముందుకు తోస్తుంటే కుడిచెయ్యి టక్కుటక్కున తొడిమ విరిచేసేది. మాట్లాడుతూనే గంపెడు కాయ తీసేది. ఇప్పుడా బొటనవేలు లేదు. కాయను మోకాలి మీద పెట్టి, అరచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో విరవాలి. ఎండిన కాయ అదిమితే పగులుతుంది. పగిలితే గింజలు రాలతాయి, ఘాటు లేస్తుంది, ఆసామి కసురుతాడు. పక్కన చెంచమ్మ రెండు గోతాలు తీసేసరికి తనది ఒకటి కూడా నిండడం లేదు.

ఆమె మొగుడు జక్రయ్య నోటీసు పట్టుకుని కల్లంలోకే వచ్చాడు. మిషన్ బడిలో అయిదు దాకా చదివాడు కాబట్టి కాలనీలో కాగితాలన్నీ అతనే చదువుతాడు. ఒకసారి చదివి తను తప్పు చదివాననుకున్నాడు. రెండోసారి గట్టిగా చదివాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చేతులాపి విన్నారు.

"అయితే నీకు దెబ్బ తగిలినందుకు నువ్వే నీకు పరిహారం ఇచ్చుకోవాలన్నమాట" అంది చెంచమ్మ. "ఏ చేత్తో ఇస్తావే, ఏ చేత్తో పుచ్చుకుంటావు?"

కల్లమంతా నవ్వింది. అంకమ్మకు మాత్రం ఒళ్లు మండింది. నవంబరు వానల్లో పొయ్యి దగ్గర కూర్చుని బియ్యం ఏరుతుంటే మీదపడిన పెచ్చు అది. చేటమీద పెట్టిన చెయ్యి చేటమీదే నలిగిపోయింది. అప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నారు. ఆఫీసుకు లాయరు చేత నోటీసు ఇప్పిస్తే, నాలుగు నెలలకు తిరిగొచ్చిన జవాబు ఇదీ.

ఆ కాలనీలో నలభై ఇళ్లున్నాయి. నలభై ఇళ్లలో పుట్టిన ప్రతివాళ్లకీ రెండు పేర్లు. ఒకటి సర్కారుకి, ఒకటి దేవుడికి. రేషను కార్డులో, ఇంటి పట్టాలో, కులం సర్టిఫికెట్టులో ఒక పేరు. బాప్తిస్మం పుస్తకంలో ఒక పేరు. చెంచమ్మ ఆదివారం పూట జయకుమారి. సర్కారూ దేవుడూ ఎప్పుడూ ఒకచోట కూర్చుని పుస్తకాలు సరిచూసుకోరు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఆ రోజు చేతి నుంచి రక్తం కారుతున్న భార్యను మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయిన జక్రయ్య, అక్కడ పేరడిగితే చర్చి పేరు చెప్పాడు. మన మనిషే అనుకుని తొందరగా మంచం ఇస్తారని చెప్పాడు. ఇచ్చారు కూడా.

మర్నాడు పనులు మానుకుని ఇద్దరూ అద్దంకి వెళ్లారు. లాయరు మొహిద్దీన్ బాషా ఆఫీసు బస్టాండు పక్కన ఎరువుల కొట్టు మీద ఉంది. ముప్ఫై ఏళ్ల మనిషి, బీదవాళ్ల దగ్గర ఫీజు తీసుకోడని పేరు. ఫీజు తీసుకోడు గానీ కోపం మాత్రం ధారాళంగా తెచ్చుకుంటాడు. నోటీసు చదివి కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఈ అంకమ్మ ఎవరమ్మా? మీ అత్తగారా?"

"నేనేనండి."

బాషా ఫైలు తెరిచి తను పంపిన నోటీసు నకలు తీశాడు. దానికింద సంతోషకుమారి అని వంకరటింకర అక్షరాలతో ఆమె సంతకం ఉంది. ఆమెకు రాయడం వచ్చిన ముక్క అదొక్కటే. చర్చిలో రాత్రిబడి పెట్టినప్పుడు మూడు నెలలు కూర్చుని నేర్చుకుంది. అంకమ్మ అని రాయడం ఎవరూ నేర్పలేదు. ఆ పేరుతో పని పడిన చోటల్లా వేలిముద్ర సరిపోయేది.

రెండు పేర్లున్నాయని ముందెందుకు చెప్పలేదని బాషా కేకలేశాడు. మీరు ఆసుపత్రి కాగితం అడిగారు, ఇచ్చాం, ఇంటి పట్టా అడగలేదు గదా అంది అంకమ్మ. అది నిజమే. అడగలేదు. తప్పు తనది కూడా అని తేలేసరికి బాషాకు ఇంకా కోపం వచ్చింది. కింద కొట్టుకు కేకేసి మూడు టీలు తెప్పించాడు. టీ తాగాక నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

పరిహారం రావాలంటే ఇల్లు ఎవరిదో, దెబ్బ ఎవరికో తేలాలి. ఇద్దరూ ఒకటేనని పాస్టరుగారు ఉత్తరం రాసిస్తే ఒక్క నిమిషంలో తేలుతుంది. కానీ ఇల్లు వచ్చింది షెడ్యూలు కులాల కోటాలో. కులం సర్టిఫికెట్టులో హిందువు అని ఉంది. పాస్టరు ఉత్తరం ఆఫీసుకు చేరిన మరుక్షణం, అయితే మీరు క్రైస్తవులన్నమాట, మీది బి.సి. లెక్క, ఈ కోటాలో ఇల్లెలా తీసుకున్నారు అని అడుగుతారు. పట్టా రద్దు చేస్తారు.

"చేతికి పరిహారం వస్తే ఇల్లు పోతుంది. ఇల్లు ఉంచుకుంటే చేతి సంగతి మర్చిపోవాలి" అన్నాడు బాషా.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని జక్రయ్య గొణుక్కున్నాడు. ఆసుపత్రివాళ్లు పొరపాటున పేరు తప్పు రాసుకున్నారని చెబితే పోదా అని అడిగాడు. ఆసుపత్రి పుస్తకం తెప్పిస్తారనీ, అందులో పేరు పక్కన ఏ చర్చి సంఘమో కూడా రాసి ఉంటుందనీ బాషా చెప్పాడు. జక్రయ్య తల దించుకున్నాడు. ఆ రోజు ఏ సంఘమని అడిగితే గొప్పగా చెప్పినవాడు తనే.

"పాస్టరుగారి ప్రసక్తి లేకుండా, దెబ్బ తగిలింది అంకమ్మకేనని ఆఫీసే ఒప్పుకోవాలి. వాళ్లెందుకు ఒప్పుకుంటారు?" అన్నాడు బాషా. "శుక్రవారం తనిఖీకి పానకాలు గారని ఇంజనీరు వస్తాడు. లంచం తీసుకోడు, జాలీ పడడు. రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా ఉంటే మాత్రం ఆయనకు అన్నం సహించదు. అడిగినదానికే జవాబు చెప్పండి. మీ అంతట మీరు నోరు తెరవకండి."

తిరుగు బస్సులో కాలనీ దగ్గర దిగాక, అంకమ్మ ఇంటికి పోకుండా పాస్టరు ఇమ్మానియేలుగారి వాకిట్లోకి నడిచింది. జక్రయ్య వెనకాలే వెళ్లాడు.

ఇమ్మానియేలుగారు పెద్దాయన. అంకమ్మకు బాప్తిస్మం ఇచ్చింది, పెళ్లి చేసింది ఆయనే. తెగిన వేలిని ఆసుపత్రివాళ్లు గుడ్డలో చుట్టి ఇస్తే, పారెయ్యడానికి చేతులు రాక జక్రయ్య ఇంటికి తెచ్చాడు. దాన్ని సమాధుల దొడ్డి మూల ప్రార్థన చేసి పాతించింది కూడా ఆయనే. సంగతంతా విని లోపలికెళ్లి బాప్తిస్మం పుస్తకం తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"రాయమంటే రాస్తానమ్మా. ఇది అబద్ధం కాదు, నేను భయపడను" అన్నాడు. "కానీ ఈ పుస్తకం ఒకసారి ఆఫీసులో తెరిస్తే నీ పేజీ దగ్గరే ఆగరు. ఇందులో నలభై ఇళ్లవాళ్లున్నారు."

ఆ మాట ఎలా పాకిందో, పావుగంటలో సగం కాలనీ ఆ వాకిట్లోనే ఉంది. మాట తర్వాత మాట పెరిగింది. హౌసింగువాళ్లు ఇళ్లు కట్టేటప్పుడు కొత్తపట్నం వైపు నుంచి లారీల్లో సముద్రపు ఇసుక తోలుతుంటే చూసినవాళ్లే వాళ్లంతా. ప్రతి ఇంట్లోనూ స్లాబు ఉబ్బి, ఆ ఇసుకలో ఉప్పుకు ఇనుము తుప్పు కారుతోంది. అయినా ఆ పూట ఎవరికీ ఇసుక గుర్తులేదు. పరిహారం లేకపోతే బతకలేమా అన్నారు. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని వెనక నుంచి ఎవరో అన్నారు.

అంకమ్మకు ఆ మాట తగిలింది. అన్నది ఎవరో చూడ్డానికి కూడా ఆమె వెనక్కి తిరగలేదు.

"మీ నెత్తిన ఉన్నది కూడా అదే స్లాబు. నాది ముందు పడింది, అంతే తేడా" అంది.

అప్పుడు చెంచమ్మకు ఒక ఉపాయం తోచింది. ఆఫీసువాళ్లు ఇద్దరు మనుషులున్నారనే గదా అనుకుంటున్నారు, ఇద్దర్నీ చూపిద్దాం అంది. తను అంకమ్మనని నిలబడి, ఇల్లు మొదట్నుంచీ కారుతోందని చెబుతుంది. అంకమ్మ సంతోషకుమారిగా నిలబడి చెయ్యి చూపిస్తుంది. పుస్తకం తెరవక్కర్లేదు. అందరికీ ఇది బాగానే ఉందనిపించింది. పాస్టరుగారు మాత్రం ఆ మాట తనకు వినపడనట్టు పుస్తకం తీసుకుని లోపలికెళ్లిపోయాడు. అంకమ్మ సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆమెకు విసుగెత్తిపోయింది.

శుక్రవారం పొద్దున పదింటికి జీపు వచ్చింది. పానకాలు గారు సన్నగా, ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. చేతిలో గొడుగు. వెనక బంట్రోతు హయాత్, గుడ్డలో చుట్టిన రిజిస్టరూ, ఇంకు దిండూ మోసుకుంటూ దిగాడు. ఇంట్లోకి వస్తూనే పానకాలు తల పైకెత్తి, ఎక్కడ నిలబడితే క్షేమమో చూసుకుని గోడవారగా నిలబడ్డాడు. గొడుగు మొనతో స్లాబును పొడిచాడు. జలజలా ఇసుక రాలింది. ఇంకోచోట పొడిచాడు. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా ఊడి ఆయన చొక్కా మీద పడింది. దులుపుకుని రిజిస్టరులో 'స్వల్ప మరమ్మతు అవసరం' అని రాశాడు. వాకిట్లో నుంచి చూస్తున్న జక్రయ్య పళ్లు కొరికాడు.

పొయ్యి ఎక్కడ, కిటికీలు ఎన్ని, తలుపుకు రంగు వేశారా, అన్నీ అడిగి గడులు నింపాడు. చివరికి లబ్ధిదారు అంకమ్మ ఎవరని పిలిచాడు.

చెంచమ్మ తలమీద చెంగు కప్పుకుని ముందుకొచ్చింది. నేనేనండి అని, నేర్చుకున్న పాఠం మొదలుపెట్టింది. పానకాలు వినలేదు. రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. ఇల్లు అప్పగించిన రోజు వేసిన అంకమ్మ వేలిముద్ర అందులో ఉంది. దాని పక్కన ఖాళీ గడి ఉంది.

"ఎడమ బొటనవేలు. ఇక్కడ వెయ్యి" అన్నాడు. "పాత ముద్రతో ఆఫీసులో సరిచూస్తారు."

చెంచమ్మ చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది. అక్కడి నుంచి చెంగులోకి వెళ్లిపోయింది.

"నేను అంకమ్మను కాదండి. చూడ్డానికొచ్చాను" అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పానకాలు మొహం ఎర్రబడింది. అంకమ్మ అనే మనిషి అసలు ఈ ఇంట్లో ఉంటోందా లేదా అని గట్టిగా అడిగాడు. ఉండకపోతే లబ్ధిదారు ఇంట్లో నివాసం లేదని రాస్తాననీ, అలా రాస్తే పట్టా రద్దవుతుందనీ చెప్పాడు. కలం మూత కూడా తీశాడు.

పాస్టరు రాసిస్తే ఇల్లు పోతుంది. రాసివ్వకపోయినా ఇల్లు పోయేట్టుంది. ఇక దేనికి భయపడాలో అంకమ్మకు తోచలేదు. ఇంత దాకా గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి మంది మధ్యలోంచి దారి చేసుకుని వచ్చి రిజిస్టరు ముందు నిలబడింది.

"అంకమ్మను నేనండి."

"అయితే ఇందాకటి నుంచి ఏం చేస్తున్నావ్? వెయ్యి వేలు."

అంకమ్మ ఎడమచెయ్యి చాచి రిజిస్టరు మీద పెట్టింది. నాలుగు వేళ్లు, బొటనవేలు ఉండాల్సిన చోట ముడతలు పడ్డ గులాబీ రంగు చర్మం. హయాత్ ఇంకు దిండు తెరిచి అలాగే పట్టుకున్నాడు.

"వేలేదీ?" అన్నాడు పానకాలు.

"మీ స్లాబు కింద పోయిందండి. సమాధుల దొడ్లో పాతిపెట్టాం. సరిచూసుకోవాలంటే తవ్వించుకోండి."

ఆ మాట అన్నాక ఆమెకు, నోరు తెరవొద్దన్న లాయరు గుర్తొచ్చాడు. పానకాలు మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఆయన ఆమె మొహం వైపు చూడడం లేదు. ఖాళీ గడి వైపు చూస్తున్నాడు. కాసేపటికి, ఎడమది లేకపోతే కుడిది తీసుకోవచ్చు, దానికి రూలుంది అన్నాడు. కుడి బొటనవేలు పట్టుకుని దిండు మీద అద్ది గడిలో నొక్కాడు. తర్వాత ఎలా పోయింది, ఎప్పుడు పోయింది అని అడిగి, పక్కనున్న గడిలో రాయడం మొదలుపెట్టాడు.

హయాత్ వంగి చూసి, ఆ సంగతంతా అవసరమా సార్ అని గొంతు తగ్గించి అడిగాడు.

"కారణం రాయకుండా కుడి వేలు తీసుకుంటే రేపు ఆడిట్లో నన్ను అడుగుతారు" అన్నాడు పానకాలు, తలెత్తకుండానే. రాయడం అయ్యాక ఒకసారి పైకి చదివాడు. "లబ్ధిదారు అంకమ్మకు పద్నాలుగు పదకొండు ఎనభై ఆరున ఇదే ఇంటి స్లాబు పెచ్చు మీదపడి ఎడమ బొటనవేలు పోయినందున, కుడి బొటనవేలి ముద్ర తీసుకోబడినది."

ఈమే అంకమ్మ అని ఇద్దరు సాక్షులు కావాలన్నాడు. మొదట చెంచమ్మే వచ్చింది. ఈసారి తన సొంత రేషను పేరు చెప్పి ధైర్యంగా వేలు వేసింది. ఆమె వెనక ఇంకో ఇరవై మంది వరసలో నిలబడ్డారు. ఇద్దరు చాలని పానకాలు విసుక్కున్నాడు. సంతకం చేసి, ముద్ర గుద్ది, కార్బను కింది నకలు చింపి అంకమ్మ చేతికిచ్చాడు. ఇచ్చేముందు ఒక్క క్షణం దాన్ని తనే పట్టుకుని నిలబడ్డాడు.

"తడవనివ్వకు" అన్నాడు. "ఈ ఇంట్లో పెట్టకు. ఇంకెక్కడైనా దాచు."

జీపు వెళ్లిపోయింది. ఇల్లు పోయినట్టా ఉన్నట్టా అని కాలనీలో పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. ఎవరికీ ఏమీ తేలలేదు.

శనివారం బాషా ఆ కార్బను కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. కుర్చీలో కూర్చుని మళ్లీ చదివాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వడం అంకమ్మ అదే మొదటిసారి చూడడం.

"ఆఫీసే ఒప్పుకుందమ్మా. సంతకంతో, ముద్రతో సహా ఒప్పుకుంది" అన్నాడు. ఇక పాస్టరు ఉత్తరం అక్కర్లేదు. ఆసుపత్రి కాగితం కూడా అక్కర్లేదు. ఇల్లు అంకమ్మది, దెబ్బ అంకమ్మకు, స్లాబు వాళ్లది. వచ్చేవారం అంకమ్మ పేరుతో కొత్త నోటీసు పంపుతానన్నాడు. జక్రయ్య గట్టిగా ఊపిరి వదిలి, నాలుగు నెలల తర్వాత మొదటిసారి కుర్చీకి వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

ఇంకొక్క పని మిగిలింది. పాత నోటీసు ఫైలులో ఉన్నంతకాలం ఆ రెండో మనిషి ఎవరని ఆఫీసు అడుగుతూనే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకోవాలి. బాషా ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి చదివి వినిపించాడు. సంతోషకుమారి అనే నాకు ఆఫీసు మీద ఎలాంటి ఫిర్యాదూ లేదు. నష్టపరిహారం ఏదీ కోరడం లేదు. ఇకముందు కోరబోను. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నాను.

"దెబ్బ తగిలినప్పుడు ఆసుపత్రి మంచం మీద పడుకున్నది ఆమేనండి" అంది అంకమ్మ.

బాషా నవ్వు ఆపేశాడు. వేరే దారి లేదమ్మా అన్నాడు. అది నిజమని ఆమెకూ తెలుసు. అతను అలవాటు కొద్దీ ఇంకు దిండు ముందుకు తోశాడు. ఆమె దాన్ని పక్కకు జరిపి కలం అడిగింది.

ఎడమ అరచెయ్యి కాగితం మీద పెట్టి అదిమింది. బొటనవేలి పట్టు లేక కాగితం జారింది. బాషా లేచొచ్చి ఒక మూల పట్టుకున్నాడు. రాత్రిబడిలో నేర్పినట్టే ఒక్కో అక్షరం మీద ఆగుతూ, సున్న సరిగ్గా గుండ్రంగా చుట్టి, దీర్ఘాలు ఎక్కడా మర్చిపోకుండా, తనకు రాయడం వచ్చిన ఆ ఒక్క ముక్కా రాసింది. రాసి కాసేపు దానివైపే చూసింది.

"కోపం వచ్చిందా అమ్మా?" అన్నాడు బాషా.

"అంకమ్మకు వచ్చిందండి" అంది ఆమె కలం మూత పెడుతూ. "సంతోషకుమారికి ఏమీ లేదని మీరే రాశారుగా."

రెండింటి బస్సు దొరికితే కల్లంలో ఒక పూట పని దక్కుతుందని, ఆమె జక్రయ్యను తొందరపెట్టి మెట్లు దిగింది.